గుండును చూసి అచ్చు జబ్బు కనిపెట్టే విద్య

1776 జులై 9న న్యూయార్క్‌లోని బౌలింగ్ గ్రీన్‌లో జనం బ్రిటన్ రాజు మూడో జార్జి సీసపు విగ్రహానికి తాళ్లు కట్టి కిందికి లాగేశారు. ఆ ముక్కల్లో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ ఊరికి చేరింది. అక్కడ ఆలివర్ వోల్కాట్ ఇంట్లో ఆయన పిల్లలు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి ఆ సీసాన్ని కరిగించి తుపాకి గుండ్లు పోశారు. వోల్కాట్ వాటిని లెక్కపెట్టి రాసిపెట్టాడు: 42,088.

అన్ని గుండ్లు ఇంటి పొయ్యి మీద తయారయ్యాయంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఆ కాలపు అమెరికాలో తుపాకి చేసిచ్చే పనివాడు దానికి సరిపడే గుండ్లు పోసుకునే అచ్చు కూడా చేసి ఇచ్చేవాడు. ఒక్కో తుపాకి గొట్టం లోపలి కొలత ఒక్కో రకంగా ఉండేది కాబట్టి పక్కింటివాళ్ల అచ్చు పనికొచ్చేది కాదు. తర్వాత యంత్రాల మీద కోసిన అచ్చులు వచ్చాయి. 1884లో జాన్ బార్లో పెట్టిన ఐడియల్ కంపెనీ అచ్చులు దేశమంతా పాకాయి. 1925లో ఆ కంపెనీని లైమన్ అనే మరో కంపెనీ కొనుక్కుంది. ఫ్యాక్టరీ తూటాలు ఎన్ని దొరుకుతున్నా పాత తుపాకులున్నవాళ్లు, గురిపోటీల్లో దిగేవాళ్లు అక్కడ ఇప్పటికీ తమ గుండ్లు తామే పోసుకుంటున్నారు. తన గొట్టానికి సరిగ్గా సరిపోయే కొలత బజారులో దొరకదన్నది వాళ్ల మాట. అది నిజమే.

అచ్చంటే ఎదురెదురుగా అతుక్కునే రెండు లోహపు దిమ్మెలు. ఇనుముతోనో, అల్యూమినియంతోనో, ఇత్తడితోనో చేస్తారు. రెండింటిలోనూ చెరిసగం గుంట ఉంటుంది. పైన పక్కకు తిరిగే పలక, దానికో రంధ్రం. సీసం ఆ రంధ్రంలోంచి దిగుతుంది. పైన మిగిలిన ముద్దను ఆ పలకే కోసేస్తుంది. దిమ్మెల ముఖాల మీద వెంట్రుకంత సన్నని గీతలుంటాయి. లోపలి గాలి బయటికి పోవడానికి అవే దారి. కొత్తగా పట్టినవాళ్లు ఆ గీతలను పట్టించుకోరు, అనుభవజ్ఞులు ముందు వాటినే చూస్తారు.

కొత్త అచ్చు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. ఆ నూనె పోకపోతే గుండు ముడతలు పడుతుంది. వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత పళ్ల బ్రష్షు ఉంటే చాలు. మొండి జిడ్డయితే అసిటోన్‌తో తుడవాలి, అది ఆవిరైపోయేదాకా నిప్పు దగ్గరికి పోకూడదు. కడిగిన అచ్చు పూర్తిగా ఆరాలి. నీటి తడి కరిగిన సీసం కిందికి చేరితే ఒక్కసారిగా ఆవిరై సీసం కరిగించే కుండలోని లోహాన్ని మనిషి మీదికి చిమ్ముతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు తోలు తొడుగులు లేకుండా ఈ పని దగ్గరికి రాకూడదనడానికి ఆ ఒక్క కారణం చాలు.

నూనె మిగిలినా, అచ్చు చల్లగా ఉన్నా ముడతలు ఒకేలా పడతాయి. చిక్కంతా అక్కడే. పెనం కాలకముందే వేసిన దోసెలాగే చల్లని అచ్చులో పోసిన సీసం ఎక్కడికక్కడ బిగుసుకుపోతుంది. అందుకే తెలిసినవాళ్లు వెంటనే కడగడానికి పూనుకోరు. ఆగకుండా పదీ ఇరవై గుండ్లు పోసి చూస్తారు. అచ్చు వేడెక్కేకొద్దీ ముడతలు తగ్గితే తప్పు వేడిది. అచ్చు బాగా కాలాక కూడా ముడత ఒకే చోట పడుతుంటే అక్కడ జిడ్డుంది. పోసిన గుండ్లన్నీ మళ్లీ కుండలోకే పోతాయి కాబట్టి నష్టం లేదు.

వేడి మితిమీరితే గుండు మెరుపు పోయి మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. కొంచెం తెల్లబడితే దోషం కాదు, లోహం గుంటంతా నిండిందనే అర్థం. గరుకుగా, పొడిపొడిగా ఉంటే మాత్రం కాసేపు ఆగాలి. గుండు అడుగు అంచు పదునుగా రాక గుండ్రంగా వస్తోందా? గాలి గీతలు పూడుకుపోయి ఉండొచ్చు, పైపలక బిగువు ఎక్కువై ఉండొచ్చు, లేదా లోహంలో తగరం తక్కువై ఉండొచ్చు. శుద్ధ సీసం 327 డిగ్రీల సెల్సియస్‌లో కరుగుతుంది కానీ అచ్చు మూలమూలకూ పారదు. నూటికి రెండు పాళ్ల తగరం కలిపితే చక్కగా పారుతుంది. గట్టిదనానికి యాంటిమొనీ. సీసపు అక్షరాలు పోసే లైనోటైప్ ముద్రణ యంత్రాల కాలం ముగిసినప్పుడు అమెరికాలో వాటి లోహం ఈ కుండల్లోకి కూడా చేరింది. మన తెలుగు ముద్రణాలయాల్లో చేత్తో పేర్చిన అక్షరాలూ ఈ మూడు లోహాల కలయికే.

గుండు పక్కన సన్నని రెక్కలాగా లోహం పొడుచుకొస్తే దిమ్మెలు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. ముఖం మీద ఎక్కడో సీసపు పూత అంటుకుని ఉంటుంది. పై ముద్ద గట్టిపడకముందే పలక తిప్పితే ఈ పూత పడుతుంది. అచ్చు వేడిగా ఉండగానే పుల్లతో నెట్టి నూలుగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. పాలియెస్టర్ గుడ్డ పనికిరాదు, కరిగి అంటుకుపోతుంది. కత్తి, స్క్రూడ్రైవరు, ఇనుప తీగల బ్రష్షు అసలు తేకూడదు. గుంట అంచు ఒక్కసారి చెక్కుకుపోతే తర్వాత పోసే ప్రతి గుండు మీదా ఆ గీత పడుతుంది. వాడకంతో అరిగిన అచ్చులకన్నా శుభ్రం చేస్తానని గీకినవాళ్ల చేతిలో చెడిన అచ్చులే ఎక్కువని నా గట్టి నమ్మకం.

గుండు ఊడిరాకపోతే దిమ్మెను కొట్టకూడదు. పిడులు కలిసే కీలు మీద చెక్కసుత్తితో మెల్లగా తట్టాలి. కొందరు గుంటకు అగ్గిపుల్ల పొగ పట్టిస్తారు. గుండు సులువుగా జారుతుంది, నిజమే. కానీ మసి పేరుకుంటే కొలత తగ్గుతుంది, గీతలు పూడుతాయి. పొగకన్నా మంచి మార్గం, అచ్చును రెండుమూడు సార్లు బాగా వేడిచేసి చల్లార్చడం. అల్యూమినియం మీద పలచని పొర ఏర్పడి సీసం అంటనివ్వదు. ఆ మచ్చలు చూసి మురికనుకుని తళతళలాడేలా తోమేస్తే చేసిన మేలంతా పోతుంది.

ఇనుప అచ్చుకు తుప్పే శత్రువు. పాతకాలపువాళ్లు చివరి గుండును అచ్చులోనే ఉంచి దాచేవాళ్లు, గుంటలోకి తేమ పోకుండా.

ఈ విద్యను ఎంత ఇష్టపడినా సీసం విషమని మరవకూడదు. కుండ మీద తేలే తెట్టు మెత్తని పొడి అవుతుంది. చేతుల నుంచి అన్నంలోకి, బట్టల నుంచి ఇంటి పిల్లల నోట్లోకి చేరుతుంది. పిల్లల మెదడుకు అది చేసే చెరుపు తిరిగి బాగుపడదు. లిచ్‌ఫీల్డ్‌లో ఆ పనిచేసిన పిల్లలకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు, మనకు తెలుసు. వేటాడిన జంతువుల్లో మిగిలిన సీసం తిని కాండర్ రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. అది సరైన నిర్ణయమే. గురిపోటీలకు, పాత తుపాకులకు ఈ కళ మిగిలితే చాలు.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి తాతల నాటి అచ్చు ఎవరింట్లోనైనా బయటపడితే పొయ్యి వెలిగించకండి, ఇసుక కాగితంతో రుద్దకండి. పలచగా నూనె రాసి, గుడ్డలో చుట్టి, మ్యూజియంవాళ్లకు చూపించండి.