బండి నాలుగో వంతుకు, బోల్టు పూర్తి ధరకు

కడపలో పెద్దబండి అంటే ఒకప్పుడు జీపు, తర్వాత సుమో. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది వచ్చాక రాష్ట్రమంతా రాయలసీమను సుమో అద్దంలోంచే చూసింది. నిజానికి ఆ బండ్లు ఎక్కువగా మోసింది తిరుపతి పోయే పెళ్లివాళ్లను, వేలూరు ఆస్పత్రికి పోయే రోగులను. దాని మీద ఎవరూ సినిమా తీయలేదు. 1994లో వచ్చిన సుమో 2019లో ఆగిపోయింది. ఇప్పుడు ఆ చోట ఫార్చునర్ ఉంది. ఊరేగింపులో ముందుండాలన్నా, నామినేషన్ వేయడానికి పోవాలన్నా అదే. ఇంకాస్త తెగువ ఉన్నవాళ్లు జర్మనీ బండ్ల వైపు చూస్తారు, అదీ సెకండ్ హ్యాండ్‌లో.

నాది ఆ తెగువ బాపతే. కంపెనీ పేరు చెప్పను. పొగిడితే ప్రకటన అంటారు, తిడితే పంచాయితీ అవుతుంది. 2014 మోడల్, మూడు లీటర్ల డీజిల్ ఇంజన్, గాలి సస్పెన్షన్. కొత్తలో అరవై లక్షల పైమాట. నాకు దాదాపు నాలుగో వంతుకు వచ్చింది. మా వీధిలో చాలామంది అక్కడే ఆగి లెక్క కట్టేశారు, నలభై ఐదు లక్షలు మిగిలిందని. ఏమీ మిగల్లేదు. బండి ధర పడుతుంది గానీ బోల్టు ధర పడదు. అరవై లక్షల బండికి ఆరోజు ఏ హెడ్‌లైటు బిగించారో ఈరోజూ అదే బిగించాలి. నా బండి పాతబడిన సంగతి ఆ హెడ్‌లైటుకు ఎవరూ చెప్పలేదు.

మరి బండి ధర ఎందుకింతగా పడింది? చెడిపోయి మాత్రం కాదు. ఒకే ఏడాదిలో కొన్న ఫార్చునర్‌ను, జర్మనీ బండిని పదేళ్ల తర్వాత పక్కపక్కన పెట్టి అమ్మి చూడండి. కొత్తలో రెండోదాని ధర మొదటిదానికి రెండింతలు. పదేళ్లకు రెండూ ఒకే బేరం దగ్గరికి వస్తాయి. ఒక్కోసారి ఫార్చునరే పైన పలుకుతుంది. ఫార్చునర్ మన దేశంలో 2009లో దిగింది. అప్పటికే నాలుగేళ్లుగా ఇన్నోవా తిరుగుతోంది. రెండింటి చాసిస్సూ ఒకే కుదురుది. ఇన్నోవాలోని రెండున్నర లీటర్ల ఇంజన్, పాత ఫార్చునర్‌లోని మూడు లీటర్ల ఇంజన్ వరసకు అన్నదమ్ములు. ఇన్నోవాను విప్పి బిగించిన చెయ్యి ఫార్చునర్‌ను చూసి బెదరదు. బద్వేలు పోండి, ప్రొద్దుటూరు పోండి, పులివెందుల పోండి, ఆ చెయ్యి దొరుకుతుంది. జర్మనీ బండి ఎరిగిన చెయ్యి కావాలంటే బెంగళూరో, చెన్నయో, హైదరాబాదో పోవాలి. కడప నుంచి బెంగళూరు రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. రెండు బండ్ల ధరలు పడడంలో కనబడే తేడా చాలామటుకు ఆ దూరానిదే.

అందుకే నేను బండి కంటే ముందు మెకానిక్‌ను వెతికాను. మా భాయ్ బెంగళూరులో ఒక వర్క్‌షాపులో ఇలాంటి బండ్లే చూసి, కరోనా ఏడాది ఊరికొచ్చి ఇక్కడే నిలబడిపోయాడు. రేకుల షెడ్డు, ఒక ల్యాప్‌టాప్, ఒక స్కానర్. నేను బండి కొనాలనుకుంటున్నా అనగానే ఆయన మోడల్ అడగలేదు, బడ్జెట్ అడగలేదు.

"ఇంటి ముందర నిలబెట్టేకా అన్నా, తోలేకా?"

తోలేకే అన్నాను.

"అట్లయితే కొను. నిలబెట్టేకైతే వద్దు. నెలకు రెండుసార్లు బ్యాటరీ చచ్చిందని నన్నే పిలుస్తావు."

బండిని చూసి పెట్టింది మాత్రం భాయ్ కాదు, మా బామ్మర్ది వరసవాడు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు పక్క ఏ పల్లెకు పోయినా కువైట్‌లో ఉన్న మనిషి గురించి వినబడుతుంది. ఆడవాళ్లు ఇంటిపనికి పోతే, మగవాళ్లలో చాలామంది ఇంటి డ్రైవర్లుగా పోయినవాళ్లే. ఇంటిపనివాళ్లకిచ్చే ఖాదిమ్ వీసా అంటే మా పక్క చిన్నపిల్లలకూ తెలుసు. మా బామ్మర్ది వరసవాడు అక్కడ కఫీల్ (యజమాని) ఇంట్లో ల్యాండ్ క్రూయిజర్ తోలతాడు. సెలవుకు ఇంటికొస్తే వాళ్ల నాయన మోటార్ సైకిలే గతి. ఆదివారాలు మాత్రం చుట్టాలంతా వాణ్ని బండ్లు చూడ్డానికి పిలుస్తారు. ఈ జిల్లాలో పెద్దబండి గుణం తెలిసినవాళ్లలో ఎక్కువమంది సొంతంగా ఒక్క పెద్దబండీ లేనివాళ్లే అని నాకు గట్టి అనుమానం.

2016 జూలైలో కువైట్‌లోని మిట్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. మన కడప మే నెల దాని ముందు దిగదుడుపే. అలాంటి ఎండలో అక్కడ పెద్దబండ్లు లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. "ఎండకు బండి చావదు బావా, కూలెంట్ మార్చకుంటే చస్తాది. ఆడ తేదీ వచ్చిందంటే ఆయిల్ మార్చాల్సిందే. మనోళ్లు పండగ పోనీ, పెండ్లి పోనీ అని చూస్తాంటారు" అంటాడు వీడు.

బండి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్లది. వస్తామన్న టైము కంటే గంట ముందే, తెల్లారుతుండగా పోదామన్నాడు వీడు. పోగానే మాటా మంచీ లేకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెడితే, రాత్రంతా నిలబడిన ఇంజన్ పొద్దున మొదటి నాలుగు సెకన్లలో చేసే చప్పుడు మనకు వినబడదు. టైమింగ్ చైను వదులైతే తెలిసేది అక్కడే. తర్వాత సైలెన్సర్ వెనక కూర్చున్నాడు. నల్లపొగ అయితే ఇంజెక్టర్లో, గాలి దారో చూసుకోవాలి. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది, టర్బో వైపో రింగుల వైపో ఖర్చుంది. తెల్లపొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుంటే బేరమే వద్దు. ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూశాడు. అక్కడ టీ రంగు నురగ పట్టిందంటే కూలెంట్, ఆయిల్ కలుస్తున్నట్టు.

నాకు బాగా నచ్చింది సీటు బెల్టు పరీక్ష. డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా, ఇక రానంతగా లాగాడు. మామూలుగా లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి మూరెడు పట్టీ మీద మట్టి గీత ఉందా అని చూశాడు. వరదలో మునిగిన బండిని కడుగుతారు, సీట్లు మారుస్తారు, సెంటు కొడతారు. బెల్టు చివర కడగాలని మాత్రం తోచదు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు అక్కడ నీళ్లలో నిలబడిన బండ్లలో అన్నీ తుక్కుకు పోలేదు. చెన్నై మనకెంత దూరం? అంతదాకా ఎందుకు, 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడప వీధుల్లోకే వచ్చింది. మరుసటి నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది. జర్మనీ బండ్లలో కంప్యూటర్ పెట్టెలు కొన్ని సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి. వాటిలోకి ఒకసారి నీళ్లు దిగితే బాగుచేయించుకోవడం ఒక ఉద్యోగమవుతుంది.

మీటరు సంగతి సరేసరి. కిలోమీటర్లు వెనక్కి తిప్పించడం మన దగ్గర వింతేమీ కాదు. మీటరు తిప్పినవాడు గేరుబాక్సు కంప్యూటర్లో అంకెను తిప్పడం మర్చిపోతుంటాడు, దాన్ని స్కానర్ పట్టేస్తుంది. స్కానర్ లేనివాళ్లు స్టీరింగ్ తోలు, బ్రేక్ పెడల్ రబ్బరు చూడొచ్చు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ముప్పై వేలే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ ఒకసారి మారి ఉంటే ఎందుకని అడగాలి. బ్రోకర్లు సింగిల్ ఓనర్, నాన్ యాక్సిడెంట్, డాక్టర్ బండి అని మూడు మంత్రాలు చదువుతారు. వాళ్లను నమ్మితే సీమలో డాక్టర్లంతా వైద్యం మానేసి బండ్లే అమ్ముతున్నారనుకోవాలి.

చౌకగా వస్తుందని ఢిల్లీ బండ్లకు పోయేవాళ్లున్నారు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడ పదేళ్లకు దగ్గరపడిన డీజిల్ బండి ఇంజన్ ఎంత బాగున్నా ధర పడిపోయింది. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, ఇవన్నీ కలిపి లెక్క వేసుకున్నాకే రైలెక్కాలి. ఎక్కడ కొన్నా ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఇంట్లో దాచుకునే అలవాటు మాత్రం మానుకోవాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలని చట్టం. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక సంగతి తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదే. అమ్మినవాళ్లు ఈ తీర్పు చదివితే రాత్రికి నిద్రపట్టదు.

ధర మాట్లాడేటప్పుడు ఇంకో ముక్క గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త పెద్దబండ్ల మీద జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం ఉన్నది 40కి దిగింది. కొత్తవి దిగితే పాతవీ దిగాలి కదా. అమ్మేవాళ్లు తమంతట తాము ఆ విషయం ఎత్తరు.

నా బండి నంబరు ఏపీ 04. 2019 జనవరిలో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక కొత్త బండి కడపదో కాకినాడదో నంబరు చూసి చెప్పలేం. హైదరాబాదు సిగ్నల్లో ఏపీ 04 చూసి పక్క బండి ఆయన అద్దం దించి "కడప యాడన్నా?" అని అడిగిన సుఖం కొత్త బండికి లేదు.

ఇక తోలడం. మొదట నీళ్లు. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. రేడియేటర్‌లో అవి పోస్తే లోపల గార కడుతుంది, బిందె అడుగున చూస్తూనే ఉంటాం కదా. అందుకే కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయను, దారిలో ఎవరు చెంబెత్తినా వద్దంటాను. తర్వాత దుమ్ము. ఎర్రగుంట్ల పక్క సిమెంటు లారీల వెనక తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. ఇంకొకటి డీపీఎఫ్, పొగలోని మసిని పట్టే జల్లెడ. సైలెన్సర్ లైను బాగా వేడెక్కితేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది. కోటిరెడ్డి సర్కిల్ నుంచి అప్సర సర్కిల్ దాకా జనంలో పాకితే వేడెక్కదు. అందుకే అప్పుడప్పుడు ఆదివారం పొద్దున కర్నూలు హైవే మీద మైదుకూరు దాకా ఒక ఊపులో పోయి వస్తాను. ఇంట్లో దీన్ని షికారు అంటారు. నేను మెయింటెనెన్స్ అంటాను. జల్లెడ పీకేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు, ఆ పొగ పీల్చేది వెనక వచ్చే స్కూటర్ వాళ్లు.

స్కానర్‌కు అందని పని పడితే బెంగళూరు. ఆ దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. రెండు టన్నుల పైచిలుకు బండిని దించేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచితే కిందికి వచ్చేసరికి చక్రాల దగ్గర మాడు వాసన వస్తుంది. గేరు తగ్గించి ఇంజన్‌తో పట్టుకోవాలి. ఘాటు ఎక్కేటప్పుడు పాలకోవా, తిరుగు ప్రయాణంలో కర్ణాటక దాటకముందే ఫుల్ ట్యాంకు, అక్కడ డీజిల్ మనకంటే చౌక. లీటరుకు తొమ్మిది పది కిలోమీటర్లిచ్చే బండికి ఆ తేడా కూడా లెక్కే.

ఈ వేసవిలో ఒక పొద్దున బండి ముందు ఎడమ మూల కిందికి కూర్చుని ఉంది. "బండి సాగిలపడి మొక్కుతాండాదే" అంది ఎదురింటి పెద్దమ్మ. గాలి సస్పెన్షన్‌లో ఉక్కు స్ప్రింగుకు బదులు రబ్బరు తిత్తి ఉంటుంది. ఎండకు, ఏళ్లకు దాని మడతల్లో బీటలు పడతాయి. భాయ్ వచ్చి, షాంపూ కలిపిన నీళ్లను పిచికారీ సీసాతో ఆ మడతల మీద కొట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక మడత లోపల ఆవగింజంత బుడగ, దాని పక్కన ఇంకొకటి. అంతే లీకు. దాన్ని అట్లాగే వదిలేస్తే కంప్రెసర్ ఆ గాలిని నింపుతూ నింపుతూ కాలిపోతుంది, అప్పుడు బిల్లు మూడింతలు.

తిత్తి కొత్తది వేశాం. నెల తిరక్కముందే కుడివైపుదీ బుడగలు కక్కింది. "మన రోడ్లకు గాలెందుకన్నా, ఇనుప స్ప్రింగులు వేసేస్తా" అని భాయ్ ఒకటే పోరు. ఖర్చు సగం కూడా ఉండదు. కానీ స్ప్రింగులు వేస్తే ఎర్ర లైటు వెలగకుండా బండి కంప్యూటర్‌కు అబద్ధం నేర్పాలి. పైగా రేపు అమ్మేరోజు కొనేవాడి బామ్మర్ది ఎవడో కువైట్ నుంచి వచ్చి, కింద తొంగి చూసి రెండు లక్షలు కోస్తాడు. కుడివైపుకూ తిత్తే తెప్పించాను.