కుండకు తగ్గ పాలు

దాలిపాల మీగడ గురించి చెప్పమంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్ళు గంట మాట్లాడతారు. ఆ పాలు కాగిన కుండ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నా మనసు కుండ మీదే ఉంటుంది.

మా ఇంట్లో పాలు కాచే పిడకల గుంటకు, అదే దాలికి, చిన్నా పెద్దా కుండలు వేరువేరుగా ఉండేవి. పాడి బాగా ఉన్న రోజుల్లో పెద్దది, గేదె వట్టిపోయే ముందు చిన్నది. పెద్దకుండలో కాసిని పాలు పోసి కాయడానికి మా నాయనమ్మ ససేమిరా ఒప్పుకునేది కాదు. వెడల్పాటి కుండ అడుగున పలచగా పరుచుకున్న పాలు ఇట్టే ఇగిరిపోతాయి. పాలు తగలని గోడ వేడెక్కి, అంచున అంటిన మీగడ మాడుతుంది. ఆ మాడు వాసన పెరుగు దాకా వెంటాడుతుంది.

మా నేలలో వంటచెరకంటే పత్తికట్టె, మిరపకట్టె. భగ్గున మండి అంతలోనే చల్లారిపోతాయి. అన్నానికి సరే, పాలకు కాదు. దాలిలో పిడక నిప్పు నివురు కప్పుకుని గంటల తరబడి ఒకే తీరున కాలుతుంది. దాని మీద నిండుకుండ నెమ్మదిగా కాగుతుంది, పొంగదు. పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఆ నిదానపు వేడికి కలిసి ఎరుపు తేలతాయి. ఉక్రెయిన్, రష్యాలలో పొయ్యిలో మగ్గిన పాలను తోడుపెట్టి ర్యాజెంకా చేస్తారు. దాని రంగూ ఇదే.

వడ్లమూడిలోని సంగం డెయిరీ లాంటివి వచ్చాక పాల కథ మారింది. పెద్ద డెయిరీలలో పాలను సన్నని ఉక్కు రేకుల మధ్య పారించి, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి, వెంటనే చల్లబరుస్తారు. పొర పలచన కాబట్టే వేడి అంత తొందరగా ఎక్కుతుంది, దిగుతుంది. కుండలో అది కుదరదు. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే లోపలి పాలు 8 రెట్లవుతాయి, వేడి బయటికి పోయే ఉపరితలం 4 రెట్లే అవుతుంది. అందుకే పెద్దపాత్ర ఆలస్యంగా చల్లారుతుంది.

ఇది తోడుపెట్టే వేళ తెలియాలి. మీగడ మీద వేలు పెడితే గోరువెచ్చగానే ఉంటుంది. గరిటెతో అడుగు నుంచి ఒకసారి కలపండి, లోపల దాగిన వేడి చేతికి తగులుతుంది. ఆ వేడిలో వేసిన చేమిరి చచ్చిపోతుంది. ఇంట్లో బీరు కాచుకునే దేశాలవాళ్ళకూ ఇదే చిక్కు. ఈస్టు వేసేముందు, కాగిన రసంలో రాగి గొట్టపు చుట్ట ముంచి, అందులో చన్నీళ్ళు పారిస్తారు. మనం గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెడతాం.

ఇప్పుడు ఇళ్ళలో అరలీటరు ప్యాకెట్టు, చిన్న స్టీలు గిన్నె. చలికాలంలో పెరుగు తోడుకోలేదని చేమిరిని తిట్టుకుంటారు. తప్పు చేమిరిది కాదు, పల్చటి గిన్నెలో కొద్దిపాటి పాలు అర్ధరాత్రికే చల్లబడిపోయాయి. రెంటచింతల ఎండల్లో అయితే పెద్దగిన్నె పెరుగు తెల్లారేసరికి పులిసి నీళ్ళు తేలుతుంది.

కాబట్టి సంక్రాంతి రోజుల్లో పాలన్నీ ఒకే గిన్నెలో తోడుపెట్టి, గుడ్డ చుట్టి మూల పెట్టండి. రోహిణి కార్తెలో చిన్న గిన్నెల్లోకి పంచి, చేమిరి సగానికి తగ్గించండి.