‘ఈస్నోఫీలియా’: పరీక్షాఫలితం రోగనామమైన తీరు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉబ్బసం, ఎలర్జీల నిర్ధారణలో ప్రయోగశాల పరీక్షలు ఇచ్చే ఆధారానికీ, వాటి ఫలితాలకు తెలుగు వ్యవహారం కల్పించిన అర్థానికీ మధ్య ఏర్పడిన దూరాన్ని కళ్యాణదుర్గం వంటి మెట్టప్రాంతపు రోగి దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉబ్బసం, ఎలర్జీ, ఈస్నోఫీలియా, వైద్యపరిభాష, కళ్యాణదుర్గం.

1. ఉపోద్ఘాతం:
అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ జిల్లాలోని కళ్యాణదుర్గం పరిసరాల్లో ‘చెనిక్కాయ’గా పిలిచే వేరుశనగే ప్రధానమైన పంట. కాయ విడిపించేటప్పుడు, కట్టె వామి వేసేటప్పుడు లేచే ధూళి, బీళ్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి, కట్టెలపొయ్యి పొగ - ఇవన్నీ శ్వాసకోశాన్ని బాధించేవే. ఆయాసం, పిల్లికూతలతో వైద్యుని దగ్గరకు వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నవారి నోట ‘ఈస్నోఫీలియా ఉందంట’ అనే మాట వినిపిస్తుంది. ఈ వాక్యం చెబుతున్నది రోగాన్నా, పరీక్షాఫలితాన్నా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. పదం - పూర్వాపరాలు:
ఈస్నోఫిల్ తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఘనమిల్లీమీటరు రక్తంలో ఈ కణాలు సుమారు 500 దాటితే ఆ స్థితిని ఈస్నోఫీలియా అంటారు. అంటే అది ఒక లెక్క, రోగం కాదు. ఆ లెక్క రోగనామం కావడం వెనుక ఉన్న చరిత్రలో రాయలసీమకూ చోటుంది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి చెందిన ఫ్రిమోట్ మోలర్, బార్టన్‌తో కలిసి 1940లో క్షయను పోలి ఉండి, రక్తంలో ఈస్నోఫిల్స్ మిక్కిలిగా కనిపించే ఒక స్థితిని వర్ణించాడు. 1943లో వైన్‌గార్టెన్ దానిని ‘ట్రాపికల్ ఈస్నోఫీలియా’ అన్నాడు. ఫైలేరియా క్రిములకు శరీరం చూపే తీవ్రస్పందన దీనికి కారణమని తర్వాత తేలింది. ఇందులో కణాల సంఖ్య సాధారణంగా 3000 దాటుతుంది. ఆ ఒక్క రోగానికి ఈ పేరు తగినదే. అయితే తెలుగు వ్యవహారంలో ‘ట్రాపికల్’ అనే విశేషణం జారిపోయి, మిగిలిన పదం ఆయాసమున్న ప్రతివారికీ వర్తించిందని భావించవచ్చు.

3. పేరు - పర్యవసానం:
కడుపులో నులిపురుగులున్నా, కొన్ని మందులు వికటించినా, చర్మపు ఎలర్జీ ఉన్నా ఈస్నోఫిల్స్ పెరుగుతాయి. ఉబ్బసమున్నా అవి పెరగకపోవచ్చు. తీవ్రమైన ఉబ్బసంలో చికిత్సను ఎంచుకోవడానికి ఈ లెక్క తోడ్పడుతుంది గాని, ఉబ్బస నిర్ధారణకు అదొక్కటే చాలదు. ప్రధానమైన సాక్ష్యం రక్తంలో కాదు, ఊపిరిలో ఉంది. స్పైరోమెట్రీ యంత్రంలోకి బలంగా ఊదించి, శ్వాసనాళాలను విప్పార్చే మందు పీల్పించి మళ్లీ ఊదించినప్పుడు, మొదటి సెకనులో వెలువడే గాలి పెద్దవారిలో 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఉబ్బసానికి బలం చేకూరుతుంది. ఆయాసం లేనినాడు ఈ పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన ఉబ్బసం లేదనలేము.

రోగానికి లెక్క పేరే పెట్టినప్పుడు, లెక్క తగ్గితే రోగం పోయిందనిపిస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు ఈస్నోఫిల్స్‌ను త్వరగా తగ్గిస్తాయి. ఉబ్బసపు స్వభావం మాత్రం అలాగే ఉంటుంది. రోజూ పీల్చవలసిన మందు ఆగిపోతుంది. ‘ఉబ్బసం’ అంటే పెళ్లిసంబంధాలు తప్పిపోతాయన్న భయమున్న ఇంట ‘ఈస్నోఫీలియా’ ఒక మరుగు కూడా. ఆ మరుగు అవసరాన్ని తోసిపుచ్చలేము. కాని దాని మూల్యాన్ని చెల్లించేది ఆ ఇంటి ఆడపిల్ల ఊపిరితిత్తులే.

4. ‘ఎలర్జీ పాజిటివ్’ - ‘పడదు’:
1960ల్లో ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని కనుగొన్నాక, ఏ పదార్థానికి ఎంత ఐజీఈ ఉందో రక్తంలో కొలవడం సాధ్యమైంది. చర్మంపై చుక్క వేసి గుచ్చి చూసే పరీక్ష కూడా ఐజీఈ స్పందననే చూపుతుంది. ఈ ‘పాజిటివ్’కు అర్థం శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే. చెనిక్కాయలు తిని ఏ బాధా లేనివారికీ అది రావచ్చు. ఆ కాగితాన్ని చూసి బిడ్డకు గుడ్డు, పాలు, చెనిక్కాయ మాన్పిస్తే మెట్టప్రాంతపు ఇంట అందుబాటులో ఉన్న మాంసకృత్తులే దూరమవుతాయి.

తెలుగులో ‘పడదు’ అనే క్రియ ఉంది. ‘దుమ్ము పడదు’, ‘వంకాయ పడదు’ అనేవి అనుభవం మీద చెప్పే మాటలు. అరగకపోవడం, ఇష్టం లేకపోవడం, ఎలర్జీ - అన్నింటినీ కలిపివేయడం ఈ మాటలోని లోపం. తిన్నాక లేదా తగిలాక ఏమైందన్న ప్రశ్నను మరువకపోవడం దీని గుణం. ‘పాజిటివ్’ అనే మాట ఆ ప్రశ్నను మరిపిస్తుంది.

5. ముగింపు:
పరీక్షలు వ్యర్థమని ఈ వ్యాసం అభిప్రాయం కాదు. వాటి ఫలితాలను చెప్పే తెలుగు మారాలన్నదే. ‘ఈస్నోఫీలియా ఉంది’ అనడానికి బదులు ‘ఈస్నోఫిల్ కణాలు పెరిగాయి, కారణం చూడాలి’ అనాలి. ఐజీఈ పరీక్ష పాజిటివ్ అయితే ‘స్పందన ఉంది’ అని, దానికి అనుభవం తోడైతేనే ‘పడదు’ అని వ్యవహరించాలి. ఉబ్బసాన్ని ఉబ్బసమనే పిలవాలి. ఆరోగ్యవ్యాసాలు, పాఠ్యగ్రంథాలు ఈ భేదాన్ని పాటిస్తే, ఊదుడు పరీక్ష ఎందుకో, పీల్చే మందు ఎన్నాళ్లో రోగి తన భాషలోనే అడగగలుగుతాడు.