కొయ్యలో కొమ్ముల సంబరం

బస్తర్‌లో దోర్నపాల్ దాటి, సుక్మా మీదుగా జగదల్‌పూర్ దిక్కుగా సాగితే దండామి మాడియా గిరిజనుల పల్లెల పొలిమేరల్లో చెక్కిన స్తంభాలు కనిపిస్తాయి. పోయినవాళ్ల జ్ఞాపకానికి నిలబెట్టినవి. దండం పెట్టబోయినవాడికి ముందు నవ్వొస్తుంది. సిగ్గుపడనక్కర్లేదు, చెక్కినవాడూ దానికే కాచుకుని ఉంటాడని నా అనుమానం.

నాలుగు పలకల కొయ్య. ముఖాన్ని గళ్లుగా విడగొట్టి ఒకచోట పశువులు, ఒకచోట డోళ్లు మోసే ఆటగాళ్లు. వాళ్ల తలల మీద అడవిదున్న కొమ్ములు, మొహం మీదికి గవ్వల జాలరు. పెళ్లి ఆటల్లో ఈ మగధీరులు పోట్లగిత్తల్లా కుమ్ముకుంటారు, కొమ్ముతో నేల మీది ఆకు లేపుతారు, ఆడపిల్లల వెంటపడతారు. 1938లో గ్రిగ్‌సన్, తర్వాత వెరియర్ ఎల్విన్ ఈ జనం గురించి పుస్తకాలే రాశారు. పొద్దంతా గొడ్లను అదిలించినవాడు రాత్రికి తానే గొడ్డైపోవడంలో ఉన్న కొంటెతనాన్ని పట్టడానికి మాత్రం పుస్తకం కన్నా ఉలే నయం. ఉలికి మనిషి కొమ్మూ ఎద్దు కొమ్మూ ఒకటే వంపు. కాపరి ఎవరో, మంద ఏదో, చూసేవాడే తేల్చుకోవాలి.

తర్వాతి కాలపు స్తంభాల మీదికి సైకిలొచ్చింది, జీపొచ్చింది, విమానమూ ఎక్కింది. విమానం ఎద్దుకన్నా పెద్దదేమీ కాదు! అమెరికాలో ఆండీ ఆండర్సన్ చెక్కిన కౌబాయ్‌లు ముక్కూ మూతీ సాగి నవ్విస్తారు. బస్తర్ వడ్రంగి ఏదీ సాగదీయడు. సైకిల్ తొక్కేవాడికీ కొమ్ముల వీరుడికీ ఒకే గంభీరమైన మొహం పెట్టి పక్కపక్కన నిలబెడతాడు, అంతే. హాస్యానికీ కరుణకూ పడదన్నారు మన ఆలంకారికులు. ఇక్కడ ఒకే దుంగలో రెండూ కాపురం చేస్తున్నాయి. పోయినవాడి ఆటా, మందా, అతను ఎక్కిన బండో, ఎక్కాలని ముచ్చటపడ్డ బండో, అన్నీ అతనితోపాటు నిలబడితే ఏడవడానికి చోటెక్కడ?

ఇప్పుడు రాయీ సిమెంటూ రంగులూ ఎక్కువయ్యాయి. నాకు కొయ్యే ముద్దు. బాడిశ దెబ్బకి లేచిన మూపురం మీద ఎండ నిలుస్తుంది, రంగు పూసిన ఎద్దుకి అది వట్టి గీత. మోటారుసైకిల్ ఎక్కినవాడు మాత్రం సిమెంటు మీదకొచ్చినా గీర తగ్గించుకోలేదు.