బియ్యంతో పాటు సబ్బు కూడా

అప్‌డేట్ అనగానే జనం విసుక్కోవడానికి బద్ధకమే కారణమన్న మాటను నేను ఒప్పుకోను. భద్రతా లోపాన్ని పూడ్చే ప్యాచ్‌నీ, కంపెనీ అంటగట్టదలచిన సరుకునీ ఒకే దారిలో పంపడమే అసలు కారణం. రేషన్ డీలర్ బియ్యం ఇస్తూ సబ్బు బిళ్లలు కూడా కొనమన్నట్టే ఇది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, విండోస్ 7, 8.1 వాడేవారిని అటు మారమని తొందరపెట్టే ప్రచార ప్రోగ్రామ్ విండోస్ అప్‌డేట్ ద్వారానే కంప్యూటర్లలో దిగబడింది. 2016 మే నాటికి ఆ ప్రోగ్రామ్ తెరమీద చూపే పెట్టెను ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా, అప్‌గ్రేడ్‌కు సరేనన్నట్టే లెక్కగట్టారు. హద్దు మీరామని మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ అధిపతే ఆ ఏడాది చివర్లో ఒప్పుకున్నారు. అప్‌డేట్లను ఆపే ఉపాయాలు జనం వెతుక్కున్నారంటే ఆశ్చర్యమేముంది?

ఆపేస్తే ఏమవుతుందో 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ దాడి చూపించింది కదా అంటారు. నిజమే. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోని యంత్రాలు ప్రపంచమంతటా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. కానీ ఈ ఉదాహరణ నా వాదనకే బలం. ప్యాచ్ మీద నమ్మకం అంత విలువైనదైతే, దాన్ని ప్రకటనలకు ఖర్చుపెట్టడమెందుకు? భద్రతా ప్యాచ్‌లను తప్పనిసరి చేయండి, అభ్యంతరం లేదు. కొత్త హంగులకు మాత్రం వేరే బటన్ ఉండాలి.

ఫోన్లలో ముందే వేసి ఇచ్చి, తీయనివ్వని యాప్‌లదీ ఇదే అంటగట్టే పద్ధతి. వాటివల్లే ఫోన్ చౌకగా దొరుకుతోందన్నది దీనికి చెప్పే సమాధానం. కావచ్చు. అయినా, డబ్బిచ్చి కొన్నాక తీసేసే హక్కు ఎందుకుండదు? 'డిసేబుల్' నొక్కితే యాప్ కనబడదు గానీ, ఫోన్‌లో దాని చోటు దానికే ఉంటుంది. తీయడం సాంకేతికంగా కుదరదనేది సాకు: చట్టం ఒత్తిడితో 2024 నుంచి యూరప్‌లో విండోస్ నుంచి ఎడ్జ్ బ్రౌజర్‌ని కూడా తీసేయవచ్చు. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ఫోన్లలో ముందే వేసిన ఆ కంపెనీ యాప్‌లను తీసేయనివ్వాలని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. నా దృష్టిలో వాడకందారుకు పనికొచ్చే ముక్కే పోయింది.

చట్టం కదిలేదాకా ఒక్క మాట వినండి. అప్‌డేట్ సర్వీసునే చంపేసే స్క్రిప్టుల జోలికి పోకండి. విండోస్‌లో పాజ్ సదుపాయం ఉంది. ఓ వారం ఆగి, గొడవలేమీ లేవని తేలాక వేసుకోండి.