స్కీలు కట్టనివాడి సెలవు

చెరువు పట్టుబడి అయ్యి చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఇదివరకు మా కైకలూరు చుట్టుపక్కలవాళ్ళు తిరుపతికో, అన్నవరానికో బయల్దేరేవారు. ఇప్పుడూ వెళ్తున్నారు, కాదనను. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఏ ఇంటికి తాళం కనబడినా వాళ్ళు మనాలిలోనో కాశ్మీరులోనో ఉన్నారని లెక్క. ఈ ఉక్కపోతకీ, రాత్రంతా మోగే ఏరియేటర్లకీ దూరంగా ఓ వారం మంచులో ఉండి వస్తామంటే తప్పేముంది?

తిరిగొచ్చాక మాత్రం అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "స్కీయింగ్ చేశారా?" మొన్న మా వీధిలో ఒక రాజుగారిని నేనూ అదే అడిగాను. "ఆయ్, చేశామండి. అరగంట. అందులో పాతిక నిమిషాలు పడుకునే ఉన్నాం" అన్నారు. అద్దె కోటు, అద్దె బూట్లు వేసుకుని దిగిన ఫొటోలన్నీ చూపించారు. చివర్లో గొంతు తగ్గించి, "నిజం చెప్పొద్దూ, మనాలి పక్కన వశిష్ఠలో వేణ్ణీళ్ళ గుండంలో కూర్చున్న కాసేపే బావుందండి. మీ చెల్లెమ్మకైతే మర్నాటి దాకా మోకాళ్ళ నొప్పి ఊసే లేదు" అన్నారు.

ఆ గొంతు తగ్గించడమే నాకు నచ్చలేదు. అంత దూరం వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చామంటే పరువు తక్కువని మనకెవరు చెప్పారు?

మంచు ఊళ్ళలో శీతాకాలపు విహారం స్కీయింగ్‌తో మొదలైంది కాదు. 1864లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్‌లో యోహాన్నెస్ బాద్రుట్ అనే హోటల్ యజమాని, వేసవికి వచ్చిన ఇంగ్లీషు అతిథులతో పందెం వేశాడని చెప్పుకుంటారు. చలికాలంలో కూడా రండి, మా ఊళ్ళో ఎండ కాయకపోతే మీ ఖర్చులు నావి అన్నాడట. వాళ్ళు క్రిస్మస్‌కి వచ్చి ఈస్టర్ దాకా కదల్లేదట. స్కీలు కట్టుకుని ఎవరూ రాలేదు. వరండాల్లో ఎండ కాగారు, గడ్డకట్టిన సరస్సు మీద తిరిగారు, చెక్కబండ్ల మీద జారారు, తిన్నారు, పడుకున్నారు. దావోస్‌కైతే క్షయరోగులు వెళ్ళేవారు. కంబళ్ళు చుట్టుకుని బాల్కనీల్లో గంటలకొద్దీ పడుకోవడమే అక్కడి వైద్యం. మన మదనపల్లె ఆరోగ్యవరంలో 1915లో వెలిసిన శానిటోరియం కూడా మంచి గాలినీ విశ్రాంతినీ నమ్ముకున్నదే. స్టీవెన్సన్ తన 'ట్రెజర్ ఐలాండ్' నవలను దావోస్‌లో ఉండగానే పూర్తి చేశాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ దావోస్ నుంచి అరోసాకి స్కీల మీద కొండ దాటి, ఆ సంగతి పత్రికలో రాసింది 1894లో. అంటే పందెం కాసిన ముప్ఫయ్యేళ్ళకి కూడా స్కీయింగ్ ఒక వింతే. ముందు కూర్చున్నవాళ్ళు వచ్చారు, జారేవాళ్ళు తర్వాత వచ్చారు.

ఇక మనాలి సంగతి. పొద్దున్నే టాక్సీలో పడి అటల్ సొరంగం దాటి, మంచులో ఫొటోలు దిగి, సాయంత్రానికి మాల్ రోడ్డులో షాపింగుకి చేరడం మనవాళ్ళు పెట్టుకున్న వరస. నన్నడిగితే ఆ వరసలోంచి ఒక రోజు తీసేసి నగ్గర్‌కి ఇవ్వమంటాను. మనాలికి కిందగా, దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ 1947లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు అక్కడే ఉంది, ఇప్పుడది ఆయన బొమ్మల ప్రదర్శనశాల. ఆయన కొడుకు స్వెతోస్లావ్, ఆయనా చిత్రకారుడే, 1945లో పెళ్ళి చేసుకున్నది దేవికారాణిని. హిందీ సినిమాల తొలినాటి మహాతార, ఫాల్కే పురస్కారం మొట్టమొదట అందుకున్న మనిషి. పుట్టింది మన వాల్తేరులో, 1908లో. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు ఈ లోయలోనే ఉన్నారు. విశాఖ సముద్రం పక్కన పుట్టిన పిల్ల ఈ దేవదారు చెట్ల మధ్య కాపురం ఎలా చేసిందో అనుకుంటూ ఆ తోటలో ఒక పూట గడిపేయొచ్చు. 1553లో కట్టిన హిడింబ గుడి కూడా అంతే. దర్శనం అయిదు నిమిషాలు. గుడి చుట్టూ ఉన్న ఆ దేవదారు అడవికి మాత్రం గంట చాలదు. పెద్దవాళ్ళని అక్కడ కూర్చోబెట్టి, కుర్రకారుని మంచు ఆటలకి సోలంగ్ పంపేయండి. ఇద్దరికీ సుఖం.

కాశ్మీరులోని గుల్మార్గ్‌లో గండోలా, అదే తీగ మీద నడిచే పెట్టె, ఉంది. పై మెట్టు దాకా వెళ్ళాలని అందరికీ ఆత్రం. మొదటి మెట్టు కొంగ్‌డూరిలో దిగి ఒక కప్పు కహ్వా తాగుతూ స్కీయింగ్ చేసేవాళ్ళని చూడటం నాకు ఎక్కువ ఇష్టం. పడేవాళ్ళని చూడటం ఇంకా ఇష్టం, దాచుకోవడం ఎందుకు. చెక్కబండి మీద మనల్ని కూర్చోబెట్టి మనుషులే లాగుతారే, అది నాకు మనసొప్పదు. అయినా ఆ ఊళ్ళో చాలామందికి చలికాలపు రాబడి అదే. ఎక్కేటట్టయితే ముందే ధర మాట్లాడుకుని, దిగాక గీసిగీసి బేరం ఆడకండి.

ఇంకో సంగతి. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తు. కొల్లేటి అభయారణ్యానికి హద్దుగా పెట్టిన అయిదో కాంటూరు సముద్రమట్టానికి అయిదడుగులు. ఇంత పల్లంలో పుట్టి పెరిగిన ఒళ్ళు రెండు రోజుల్లో అంత ఎత్తుకి చేరితే తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం మామూలే. మొదటి రోజు ఏమీ చేయకుండా ఉండమని డాక్టర్లు చెప్పేది అందుకే. మనవాళ్ళు ఆ రోజే అన్నీ చూసేద్దామంటారు.

అంత దూరం, అంత ఖర్చు కుదరనివాళ్ళకి లంబసింగి ఉంది. చింతపల్లి దగ్గర, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిల్లో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దగ్గరికి పోతాయి. అక్కడ స్కీయింగ్ లేదు కాబట్టి ఎవరూ అడగరు. జనం చలిమంట వేసుకుంటారు, పొగమంచు చూస్తారు, టీ తాగుతారు, ఇంటికొస్తారు. అడిగితే "బాగా జరిగింది" అంటారు. చూశారా, చేయాల్సిన ఘనకార్యం లేకపోతే మనిషి ఎంత హాయిగా ఉంటాడో.

ఇదంతా చెప్పి మా ఊరి మాట ఎత్తకపోతే ఎలా? సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే చుట్టాలకి ఆటపాక పక్షుల కేంద్రం అంటే పడవ షికారు. మా స్కీయింగ్ అదన్నమాట. పడవ దొరికితే కొల్లేరు చూసినట్టు, దొరక్కపోతే "అబ్బే, ఏం లేదక్కడ" అని కారెక్కేయడం. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఇంత ఉన్నచోట ఏమీ లేదని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

గట్టు మీద నిలబడితే చాలు. పక్షుల కోసం నీళ్ళలో వేసిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు, అదే పెలికన్లు, గూళ్ళు కట్టుకుని ఉంటాయి. తల్లి తిరిగొచ్చి నోరు తెరిస్తే పిల్ల ఆ సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపలు లాక్కుంటుంది. మొదటిసారి చూసేవాళ్ళు తల్లి పిల్లని మింగేస్తోందని కంగారుపడతారు. పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. మిట్టమధ్యాహ్నం అవి రెక్కలు సగం విప్పి, ఎండకి వీపు పెట్టి, పిల్లలకి నీడ పడుతూ నిలబడతాయి. పొద్దెక్కి నేల వేడెక్కాక గూడబాతులు రెక్క ఆడించకుండా, పైకి లేచే గాలిలో చుట్లు తిరుగుతూ చుక్కలైపోతాయి. ఇవన్నీ చూడాలంటే పడవ అక్కర్లేదు. గూళ్ళ దగ్గరకి పడవ మరీ వెళ్తే పక్షి లేచిపోతుంది, పిల్ల ఎండలో మిగులుతుంది.

1946లో తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడులో గూడబాతుల కాలనీని కనిపెట్టి లోకానికి చెప్పినాయన మలయాళీ, కె.కె. నీలకంఠన్. మలయాళంలో 'ఇందుచూడన్' పేరుతో పక్షుల మీద పుస్తకాలు రాశారు. ఆ కాలనీ తర్వాత ఖాళీ అయిపోయింది. అక్కడ ఏ పక్షి ఎలా బతికిందో ఈనాడు మనకి తెలుస్తోందంటే ఆయన ఓపిగ్గా కూర్చుని చూసి రాయబట్టే.

పక్షులు చాలనుకుంటే ఏలూరు రోడ్డులో పెదయడ్లగాడి వంతెన మీద ఆగి, కొల్లేటి నీరు ఉప్పుటేరు వైపు సాగడం చూడండి. ఫాల్గుణంలో వస్తే కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర. ఎవరింట్లోనైనా కొరమీను పులుసు పెడితే, పొద్దుటిది రాత్రికి తినండి. అప్పుడే దాని రుచి.

ఆ గట్ల మీద నీడ ఇంకొంచెం పెంచి, పెద్దవాళ్ళు నడుం వాల్చేలా నాలుగు బెంచీలు ఎక్కువ వేస్తే మేలు. పడవలు పెంచడం కంటే అదే ముందు జరగాలని నా అభిప్రాయం. అది అయ్యేలోపు మనం చేయగలిగింది ఉంది. ఈ పండక్కి వచ్చే మీ చుట్టాలకి ముందే చెప్పి ఉంచండి: నవంబరు, ఫిబ్రవరి మధ్యలో, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్దాం, పాటల స్పీకరు ఇంట్లో వదిలేద్దాం, మడత కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకుందాం, పడవ టికెట్టు దొరక్కపోయినా గేటు మూసేదాకా ఉందాం అని.