చంద్రకళల పటము

పాఠ్యపుస్తకములలోని చంద్రకళల పటమును చూచి విద్యార్థి, భూమి నీడ పడుటచేతనే చంద్రుడు తరుగునని తలచినచో ఆ లోపము పటముదే. భూమిని అంగుళమంత గీసినచో, పావు అంగుళపు చంద్రుని 30 అంగుళముల దూరమున గీయవలెను; పుట చాలదు గనుక ప్రక్కనే గీయుదురు. చంద్రకక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలియున్న సంగతియు అందు కానరాదు. ఆ వాలే లేకున్న ప్రతి పూర్ణిమకును గ్రహణము పట్టవలసినదే!

శుక్లాష్టమినాడు సూర్యాస్తమయమునకు కొంచెము ముందు పడమట సూర్యుడు, నడినెత్తికి సమీపమున సగము చంద్రుడు కనబడుదురు. భూమి నీడ సూర్యునికి ఎదురుదిక్కున, తూర్పునకు, పోవును. అది ఈ చంద్రుని ఎట్లు కప్పును? ఆ ఎండలోనే నిమ్మపండును చంద్రునికి సూటిగా పట్టి చూచిన, పండును సగమే వెలుగుచు కనబడును: వెలిగిన సగములో కొంతయే కంటివైపున్నది. పటము క్రింద ఈ ప్రయోగమును ఒక్క పంక్తిలో ముద్రించినను చాలును.